ఎండగట్టవలెను

మా ఊరి పేరు చలివేంద్రపాలెం. పేరులో చలి ఉంది, ఊళ్ళో లేదు. పల్నాడు ఎండల్లో ఉగాది పచ్చడి తినే నాటికే మేం పచ్చడైపోయి ఉంటాం. మిగతా దేశానికి ఎన్ని కాలాలున్నాయో గానీ మాకు మూడే: ఎండాకాలం, మండేకాలం, ఇంకా ఎంతకాలం.

ఇలాంటి ఊరు గనకే ప్రభుత్వం వారు ఏరికోరి ఇక్కడొక కార్యాలయం తెరిచారు. దాని పేరు ‘వాతావరణ అవగాహన, అపోహా నివారణ మండలి’. పొడి అక్షరాల్లో వా.అ.అ.ని.మ. గబగబా చదివితే ఎవరో ఆవలిస్తున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చి చూస్తే పేరు ఎంత పొందికగా పెట్టారో మీకే అర్థమవుతుంది.

భూమి వేడెక్కుతోందన్న సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పడం, ఇంటర్నెట్లో ‘అబ్బే, అదంతా ఉత్తదే’ అనేవాళ్ళకు జవాబివ్వడం ఈ మండలి పని. నేను అందులో నినాదాలు రాసే కాంట్రాక్టు ఉద్యోగిని. అంతకుముందు జిల్లా పేపర్లో శ్లేషలు రాసేవాణ్ణి. నా మొదటి నినాదం ‘భూతాపం అనే భూతాన్ని ఆపుదాం’. ఊరంతా గోడల మీద రాయించారు. గోడలు బాగానే వేడెక్కాయి, జనమే వేడెక్కలేదు.

ఏ జవాబైనా ఏడు బల్లల మీద సంతకాలు పడితే గానీ బయటికి వెళ్ళకూడదన్నది మండలి నియమం. ఏప్రిల్‌లో ఒకావిడ మా పేజీలో “ఈ ఎండల్లో పిల్లల్ని ఆడుకోనివ్వొచ్చా అండీ?” అని అడిగింది. జవాబు ఏడు బల్లలూ దాటి బయటికొచ్చింది. “ప్రస్తుత తీవ్ర ఎండల దృష్ట్యా బాలబాలికలను ఆరుబయటకు పంపరాదు.” దాని కింద ఆవిడ రాసింది: “ఇప్పుడు వాన నీళ్ళల్లో కాగితం పడవలు వదులుతున్నారండీ. లోపలికి పిలవమంటారా?”

ఈ ప్రశ్న ప్రస్తుతం మూడో బల్ల మీద ఉంది.

మండలి డైరెక్టరు ప్రభాకరం గారు. ప్రభాకరుడంటే సూర్యుడే గానీ ఈయనకూ సూర్యుడికీ ముఖపరిచయం లేదు. కారులోంచి గదిలోకి, గదిలోంచి కారులోకి. గదిలో ఏసీ ఎంత గట్టిగా పనిచేస్తుందంటే, మే నెలలో మఫ్లరు చుట్టుకుని, ముక్కు చీదుకుంటూ, ‘భూమి వేడెక్కుచున్నది’ అన్న ఫైళ్ళ మీద సంతకాలు పెడుతుంటారు. మండలికి శాస్త్ర సలహాదారు డాక్టర్ హిమబిందు. మా ఊళ్ళో మంచుబొట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందిలే అనుకున్నాం. నిలిచింది. పైగా కాస్త గట్టిపడింది.

మా ఆవరణలో మూడు నిద్రగన్నేరు చెట్లుండేవి. మూడింటి కొమ్మలూ ఒకదాన్లోకొకటి దూరిపోయి పైన ఒకే పందిరి. వాతావరణ మండలికి వాతలు పడకుండా కాపాడిన ఆవరణ అదే. ఆ నీడలోనే అర్జీదార్లు కూర్చునేవాళ్ళు. ఆ నీడలోనే సీతారావమ్మ గోళీసోడా బండి. ఆ బండి పక్కనే, ప్లాస్టిక్ కుర్చీలో, మా మండలికి ప్రధాన శత్రువు. అంటే సీతారావమ్మ మొగుడు రాఘవులు.

రాఘవులు ఒకప్పుడు పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చేవాడు. మైకులు పోయాయి, గొంతు మిగిలింది. ఆ గొంతుతో ‘మైకు రాఘవులు’ అని యూట్యూబు ఛానెల్ పెట్టాడు. రోజూ మధ్యాహ్నం మా చెట్ల కింద కూర్చుని, పెళ్ళాం చేతి సోడా తాగుతూ, మా ఆఫీసు బోర్డు వెనకాల కనబడేలా ఫోన్ పెట్టుకుని మాట్లాడేవాడు.

“ఏందండీ ఎండ? ఏడుంది ఎండ? మా చిన్నప్పుడూ సూర్యుడు ఒక్కడే, ఇప్పుడూ ఒక్కడే. రెండోవోడు వస్తే చెప్పండి, లైవు పెడతా. నేనిక్కడ హాయిగా కూచోలా? చెమట పట్టిందా చూడండి. భూతాపం అంట! ఆ మాటే విడగొట్టి చదవండి. భూతం, ఆపం. ఆపం అని ఆళ్ళే గోడ మీద రాసుకున్నారు. ఆపనోళ్ళకి ఆఫీసెందుకంట?”

నాకు కడుపు మండిపోయింది. శాస్త్రాన్ని కాదన్నందుకు కాదు. నేను కష్టపడి కలిపినదాన్ని అంత తేలిగ్గా విడగొట్టినందుకు.

అసలు కష్టం వేరే చోట ఉంది. రాఘవులు మాట పట్టుకుని చుట్టుపక్కల ఆసాములు మిర్చి కల్లాల్లో మిట్టమధ్యాహ్నం పని పెట్టించడం మొదలుపెట్టారు. “రాఘవులు కూచోలా ఎండలో? మీకే వచ్చిందా వడదెబ్బ?” అనేవాళ్ళు. ఆ నెలలో ఇద్దరు కూలీలు కల్లంలోనే పడిపోయారు. ఒకామె ఇంకా లేచి నడవలేకపోతోంది. హిమబిందు ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చి, నేరుగా డైరెక్టరు గదిలోకి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

“సార్, రాఘవులు గారు అబద్ధం చెప్పడం లేదు” అంది.

ప్రభాకరం గారు మఫ్లరు సర్దుకున్నారు. “మీరు శాస్త్ర సలహాదారు. ఈ మాట మీరనవచ్చునా?”

“ఆయన కూర్చున్న చోట నిజంగానే చల్లగా ఉంది సార్. మూడు చెట్ల నీడ. అక్కడ కూర్చుంటే నేనైనా అలాగే అంటాను. ఆ కుర్చీ ఒక పది అడుగులు అవతలకి జరిపి, ఓ ధర్మామీటరు చేతికిచ్చి, పక్కన నేనో కుర్చీ వేసుక్కూర్చుని మాట్లాడతాను. ఆయన పదిమందికి చెప్పే మనిషి. ఆయనకు అర్థమైతే పల్నాడంతా అర్థమైనట్టే.”

“కుర్చీ జరుపుటయా?” ప్రభాకరం గారు కలం కింద పెట్టేశారు. “ప్రభుత్వ ఆవరణలో కుర్చీ స్థానచలనం విధానపరమైన అంశం అమ్మా. కుర్చీ అంత తేలిగ్గా జరిగేది కాదు. నేను ఈ కుర్చీలోకి రావడానికి ఎంతమందిని జరపవలసి వచ్చిందో మీకు తెలియదు. ప్రతిపాదన పెట్టండి, పరిశీలిద్దాం.”

ప్రతిపాదన పెట్టింది. దానిని పరిశీలించే లోపు పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు చాలా చిన్నది. “వాతావరణ విషయమై అపోహలు ప్రచారము చేయు వ్యక్తులను గుర్తించి, వారిని తక్షణమే బహిరంగముగా ఎండగట్టవలెను. తీసుకొనిన చర్యను ఛాయాచిత్రములతో నివేదించవలెను.”

ప్రభాకరం గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆ గదిలో ఉన్నది ముగ్గురమే అయినా ఆయన “సభకు నమస్కారం” అన్నారు.

“కవిగారూ, ఏర్పాట్లేమిటి?”

“ఏముంది సార్, ఓ వ్యాసం రాసి ఎండగట్టేద్దాం.”

“వ్యాసంతో ఎలా గడతారు? తాడు ఉండాలి కదా?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఆగి ఎటు పోవాలో తెలియక దగ్గుగా మారింది.

“సార్, అది నుడికారం. ఎండగట్టడమంటే తప్పును బయటపెట్టడం. అలంకారంగా అంటాం.”

“ప్రభుత్వ ఉత్తర్వుకు ఉండే అలంకారం ఒక్కటే, రబ్బరు ముద్ర. ‘ఎండ’ అన్నారు. ‘గట్టవలెను’ అన్నారు. ‘బహిరంగముగా’ అన్నారు, అనగా పైకప్పు లేని చోట. ఇంత విస్పష్టమైన ఉత్తర్వు నా సర్వీసులో చూడలేదు.”

“పైవాళ్ళను వివరణ అడుగుదాం సార్” అంది హిమబిందు.

“తెలుగు ఉత్తర్వుకు తెలుగువాడు వివరణ కోరడమంటే, నాకు తెలుగు రాదని రాతపూర్వకంగా ఒప్పుకొనుటయే. ఆ తప్పు నేను చేయను.”

“పోనీ, కట్టకుండా ఊరికే కూర్చోబెడితేనో?” అన్నాను.

“అది ఎండబెట్టుట. వడియాలకు వర్తించును. మనకిచ్చిన ఆదేశం ఎండగట్టుట.”

ఆ తేడా నాకు అప్పటిదాకా తట్టలేదు. శ్లేషలు రాసి పొట్టపోసుకునేవాణ్ణి, ఆ మాటకు లేచి నిలబడి దణ్ణం పెట్టాలనిపించింది.

మానవ హక్కుల వాళ్ళతో పేచీ రాకుండా తాడు బదులు ఫైళ్ళకు కట్టే తెల్ల నాడా వాడాలని తీర్మానించారు. అపోహాపరుడి నుంచి ముందుగా అంగీకార పత్రం తీసుకోవాలని కూడా అనుకున్నారు. రాఘవులు దగ్గరికి నేనే వెళ్ళాను.

“నన్ను ఎండగడతారా? ఎప్పుడు?” అని లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది. “లైవు పెట్టుకోవచ్చా?”

“ఏందయ్యో ఆ సంబరం?” సీతారావమ్మ సోడా గోళీ టప్పున నొక్కింది. “షుగరుంది, బీపీ ఉంది, ఇంక కట్టేయించుకునే రోగం కూడా కావాలా?”

“నీకు తెలవదే. గవుర్నమెంటోళ్ళు కట్టేశారంటే మనం చెప్పేది నిజమన్నట్టేగా. ఒక్కసారి కట్టేస్తే లచ్చమంది చూస్తారు.”

“చూస్తారు, చూస్తారు. మాడిపోయినాక మాడు మొహం చూస్తారు.”

మర్నాడు పదింటికి, చెట్ల నీడ దాటిన అంచున కుర్చీ వేసి రాఘవుల్ని నాడాతో కట్టాం. కట్టాం అంటే, పెళ్ళిలో కంకణం కట్టినట్టు, కుర్చీ చేతికీ ఆయన చేతికీ ఓ ముడి. నేను ఫోటో తీసి మా పేజీలో పెట్టాను: ‘అపోహను ఎండగట్టిన మండలి’. ఇంతలో సూర్యుడు కదిలాడు, నీడ వెతుక్కుంటూ వచ్చి రాఘవులు ఒళ్ళో కూర్చుంది. ముడి విప్పాం, కుర్చీ జరిపాం, మళ్ళీ కట్టాం. మళ్ళీ నీడ. హిమబిందు అడిగినప్పుడు కదలని కుర్చీ ఆ పూటంతా ఆవరణ చుట్టూ ప్రదక్షిణం చేసింది. దానికోసం ‘కుర్చీ జరుపు సహాయకుడు’ అన్న తాత్కాలిక పోస్టు కూడా మంజూరైంది. ఛాయ తగలకుండా ఛాయాచిత్రం తీయడం ఎంత కష్టమో నాకా రోజు తెలిసింది.

రాఘవులు మాత్రం సగం నీడలో, సగం ఎండలో, చేతిలో సోడాతో ఫోన్లోకి అరుస్తున్నాడు. “చూశారా? గవుర్నమెంటే కట్టేసినా నాకేం కాలా! ఎండ ఉంటేగా ఎండగట్టడానికి?”

ఊరు అట్టుడికిపోయింది. మా పేజీలో వ్యాఖ్యలు ఎప్పుడూ లేనంతగా కురిశాయి.

“సార్, మా బావని కూడా ఎండగట్టండి. ఖర్చులు నేనిస్తా.”

“నాడా మంచి క్వాలిటీ. ఏ షాపు?”

“భూతాపం నిజమా కాదా చెప్పకుండా మనుషుల్ని కడతారేంటండీ?”

ఈ చివరి వ్యాఖ్యకు హిమబిందు అక్కడికక్కడే జవాబు రాసింది. చక్కగా, చిన్నపిల్లలక్కూడా అర్థమయ్యేలా. అది మొదటి బల్ల మీద పెట్టి వచ్చింది.

వారం తిరక్కుండా ఎండగట్టించుకోవడం గౌరవమైపోయింది. ఆఫీసు గేటు ముందు వరస కట్టి, “నేనూ నమ్మనండీ, నన్నూ కట్టండి” అని జనం. ఒకాయన పెళ్ళిశుభలేఖలో వరుడి పేరు పక్కన ‘బి.టెక్., ఎండగట్టబడినవాడు’ అని అచ్చు వేయించాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన అనుచరులతో వచ్చి తననూ ఎండగట్టాల్సిందేనని పట్టుబట్టాడు. ఆయన హోదాకు తగ్గట్టు పైన షామియానా, పక్కన రెండు కూలర్లు పెట్టి, ‘షరతులకు లోబడి’ ఎండగట్టాం. “బాగా ఎండగట్టారయ్యా” అని మెచ్చుకుని, శాలువా కప్పించుకుని వెళ్ళాడు.

మా పని జోరు చూసి పైవాళ్ళు అభినందన పంపారు. పంపి, ఇంకా ఎక్కువమందిని ఎండగట్టమన్నారు. అక్కడ వచ్చింది చిక్కు. కుర్చీలు పెరిగాయి, ఎండ చాలలేదు. పల్నాడులో, మే నెలలో, ఎండ చాలలేదన్న మాట ఫైలు మీద నా చేత్తో నేనే రాశాను.

ప్రభాకరం గారు కిటికీ తెర కొద్దిగా తొలగించి బయటికి చూశారు. ఆవరణను ఆయన చూడడం బహుశా అదే మొదటిసారి.

“ఆ పచ్చగా ఉన్నవి ఏమిటి?”

“చెట్లు సార్.”

“ఉత్తర్వు అమలుకు అవి అడ్డముగా ఉన్నవి.”

హిమబిందు ఆ రాత్రంతా కూర్చుని ఒక నోటు రాసిందట. చెట్ల కింద ఎంత చల్లగా ఉంటుంది, చెట్టు దాటి నాలుగడుగులు వేస్తే ఎంత మారుతుంది, అవి పోతే ఆవరణకూ ఆఫీసు గోడలకూ ఏమవుతుంది, అన్నీ కొలిచి రాసింది. పొద్దున్నే తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్రభాకరం గారు పూర్తిగా చదివారు. నాకు ఆశ పుట్టింది. ఆయన మెచ్చుకోలుగా తలాడిస్తూ కింద రాసి సంతకం పెట్టారు: “చూచితిని. చెట్ల వలన ఎండ గణనీయముగా తగ్గుచున్నదని శాస్త్ర సలహాదారు సైతం ధ్రువీకరించి యున్నందున, తొలగింపునకు అనుమతించడమైనది.”

ఆ అమ్మాయి కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. నా దగ్గర ఎప్పుడూ ఓ శ్లేష సిద్ధంగా ఉంటుంది. ఆ పూట లేదు.

రంపాల వాళ్ళు వచ్చినప్పుడు సీతారావమ్మ బండిని చెట్టు మొదట్లోకి తోసి అడ్డం నిలబడింది. “నా బండి మీద పడేట్టు నరకండి, చూస్తా! ఒరేయ్, మీరు తాగిన సోడాలకైనా సిగ్గుండాలిరా!” హిమబిందు ఆమె పక్కన వెళ్ళి నిలబడింది. రాఘవులు నిలబడలేదు. ఆయన రోజూలాగే ముడి వేయించుకుని కుర్చీలో ఉన్నాడు. లేస్తే ఎండగట్టుట భంగమవుతుంది. “చెట్టు కొడతారేంది? దాన్ని కొడతారేంది?” అని మాత్రం అరిచాడు. ఆ అరుపు లైవులో బయటికి పోయింది. పోలీసులొచ్చి ఆడవాళ్ళిద్దర్నీ మర్యాదగా పక్కకు తప్పించారు. పొద్దుగూకే వేళకు మూడు చెట్లూ మూడు మొద్దులయ్యాయి. మండలితో కలిపి నాలుగు.

మర్నాటి నుంచి ఆవరణ నిజంగానే ఆదర్శ ఎండగట్టు కేంద్రం. గేటు దగ్గర నించుంటే ఆఫీసు గోడ వణుకుతున్నట్టు కనపడేది. రాఘవులు కుర్చీ ఇప్పుడు ఎవరూ జరపనక్కర్లేదు, ఎటు జరిపినా ఒకటే. సహాయకుడి పోస్టు రద్దయింది. సీతారావమ్మ సీసాలు బండి మీదే వేడెక్కి, గోళీ నొక్కితే సోడా మొహానికి చిమ్మేది.

మొదటి రోజే మధ్యాహ్నం రెండు గంటలకు రాఘవులు ఫోన్ కింద పెట్టేశాడు.

“డాక్టరమ్మా, ఒకసారి ఇట్రా” అన్నాడు. గొంతులో మైకు లేదు. “కాల్తందమ్మా. కుర్చీ కాల్తంది, గాలి కాల్తంది. నేను కూచున్న తావు ఇదేగా? ఇన్నాళ్ళూ ఇట్టా లేదే?”

హిమబిందు ధర్మామీటరు తీసి చూపించింది. పక్కనే ఓ కుర్చీ వేసుకుని కూర్చుంది. పాఠం చెప్పలేదు. “కల్లంలో కూలోళ్ళకి మొదట్నుంచీ ఇట్టాగే ఉంది బాబాయ్” అంది, అంతే. గుంటూరు అమ్మాయి, ఆఫీసు భాష దాటితే ‘ఇట్టాగే’ అంటుంది.

ఆయన మొద్దుల వైపు తిరిగాడు. “ఆళ్ళు కల్లంలో పడిపోయింది నా మాట ఇనేనా?”

ఆమె ధర్మామీటరు ఆయన చేతిలో పెట్టింది.

“నమ్మినానని రాసిస్తా. ముడి విప్పండి.”

విప్పడానికో పద్ధతుంది. అపోహ వదిలిన వ్యక్తి డైరెక్టరు గారి ఎదుట, ఆయన గదిలో, ‘భూమి వేడెక్కుచున్నదని నమ్ముచున్నాను’ అని స్వయంగా పలకాలి. తీసుకెళ్ళి గదిలో కూర్చోబెట్టాం. ప్రభాకరం గారు ఫోన్లో ఉన్నారు. ఐదు నిమిషాలు గడిచాయి. రాఘవులు చెమట ఆరింది. పది నిమిషాలకు తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకున్నాడు. ప్రభాకరం గారు ఫోన్ పెట్టేసి, “ఊ, చెప్పండి. భూమి ఏమగుచున్నది?” అన్నారు.

“చలేస్తంది సార్” అన్నాడు రాఘవులు, పళ్ళు కొట్టుకుంటూ.

“అపోహ తొలగలేదు. తీసుకెళ్ళి గట్టండి.”

బయటికి రాగానే, “అమ్మో, కాల్తంది, నమ్మినా!” లోపలికి పోగానే, “ఓ దుప్పటుందా సార్?” ఆ పూట అలా తిరుగుతూనే ఉన్నాం. బయట జ్ఞానం, లోపల అజ్ఞానం, మధ్యలో తలుపు. సాయంత్రం మూడోసారో నాలుగోసారో గడప మీద రాఘవులు కళ్ళు తేలేసి నా చేతుల్లో పడ్డాడు. సీతారావమ్మ నెత్తిన నీళ్ళు కుమ్మరించి, డైరెక్టరు గది కిటికీ వైపు చూస్తూ అన్న మాటలు నేను రాయలేను. వాటిలో శ్లేష ఒక్కటీ లేదు. అన్నీ సూటిగానే ఉన్నాయి.

కోలుకున్న రోజే రాఘవులు ఒక వీడియో పెట్టాడు. అరవలేదు. మూడు మొద్దులు చూపించి, మా ఆఫీసు బోర్డు చూపించి, ఒక్క మాట అడిగాడు.

“భూమి కాలిపోతందని వీళ్ళు నిజంగా నమ్మితే, ఈ చెట్లు కొట్టేవోళ్ళా?”

అది రాష్ట్రమంతా తిరిగింది. వెంటనే దీన్ని ఖండించమని ప్రభాకరం గారు నన్ను పురమాయించారు. కాగితం తీసుకుని ఒక పూటంతా కూర్చున్నాను. ఖండించడానికి నా దగ్గర మాట ముక్క లేదు. చెట్టు ముక్కలే ఉన్నాయి. హిమబిందును అడిగాను.

“దీనికి జవాబు లేదండీ. ఇందులో అపోహ ఏముందని?” అంది.

ఆ వీడియో పైవాళ్ళ దాకా వెళ్ళింది. అక్కడెవరో తెలుగు వచ్చినవాళ్ళు ఉన్నట్టున్నారు. మూడోనాడే సవరణ వచ్చింది. “పూర్వ ఉత్తర్వులోని ‘ఎండగట్టుట’ను అక్షరార్థములో గ్రహించరాదు. అపోహాపరుల వాదనలను తిప్పికొట్టి, వారిని ఉతికి ఆరవేయవలెనని మాత్రమే దాని భావము.”

మళ్ళీ సభకు నమస్కారం.

ప్రభాకరం గారి మొహంలో పశ్చాత్తాపం వెతికాను. భూతాపమే తెలియని మనిషికి పశ్చాత్తాపం ఎలా తెలుస్తుంది? ఆయన ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నారు, చలికో సంతోషానికో.

“ఇప్పుడు స్పష్టత వచ్చింది. మొదటి దశ ఉతుకుట. నీరు కావాలి, రోజుకో ట్యాంకరు పెట్టండి. ఒక బండరాయి కూడా. రెండో దశ ఆరవేయుట. దానికేమి కావాలి?”

నేను తట్టుకోలేకపోయాను. “సార్, ఉతికి ఆరేయడమంటే...” అని నోరు తెరిచానో లేదో, బల్ల కింద నా కాలి మీద ఓ చెప్పు గట్టిగా పడింది. హిమబిందు నా వైపు చూడను కూడా చూడలేదు. డైరెక్టరు గారి వైపు ఎంతో వినయంగా చూస్తోంది.

“తీగ కావాలి సార్” అంది.

“మంజూరు.”

“తీగ కట్టాలంటే రెండు వైపులా చెట్లుండాలి సార్.”

ప్రభాకరం గారు తెర తొలగించి చూశారు. “లేవే!”

“లేవు సార్. నాటాలి. రెండు చాలవు, అపోహాపరులు చాలామంది ఉన్నారు కాబట్టి గోడ వారగా మూడు వరసలు కావాలి. మనిషి బరువుకు వంగకూడదు గనక నిద్రగన్నేరు, వేప అయితే మేలు. కాండం గట్టిపడేదాకా ఆరేయడం మొదలుపెట్టకూడదు. ఉతుకుటకు వచ్చే ట్యాంకరు నీళ్ళు అప్పటిదాకా మొక్కలకు మళ్ళిద్దాం.”

“గట్టిపడటానికి ఎంతకాలం పట్టును?”

“మీరు రిటైరయ్యాక కూడా గట్టిపడుతూనే ఉంటాయి సార్.”

“దీర్ఘకాలిక ప్రణాళిక!” ప్రభాకరం గారు పరవశించి, ‘అపోహాపరులను ఆరవేయు నిమిత్తము వృక్షముల పెంపకము’ అన్న ఫైలు మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. భూమి కోసం ఒక్క మొక్క నాటని మా మండలి, మనుషుల్ని తీగ మీద ఆరేయడానికి ఆవరణ నిండా నాటింది.

సాయంత్రం హిమబిందు ఈ సంగతి చెప్పడానికి సోడా బండి దగ్గరికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. రాఘవులు అప్పటికే ఫోన్ బిగించి, తప్పొప్పుకుంటూ పెద్ద వీడియోకు సిద్ధమవుతున్నాడు.

“ఆగు బాబాయ్” అందామె. “నువ్వు నమ్మానన్నావంటే ఊరంతా నమ్మేస్తుంది, ఆరేయడానికి మనిషి లేడని ఫైలు మూసేస్తారు. ఫైలు మూస్తే ట్యాంకరు రాదు.”

“మరి అబద్ధం చెప్పమంటావా? ఇన్నాళ్ళూ చెప్పింది చాలదా? మళ్ళీ ఏ కల్లంలోనైనా ఎవురన్నా పడిపోతే?”

సీతారావమ్మ సీసా కడుగుతూనే తల తిప్పింది. “నోరున్నోడివి, అడ్డంగా మాట్టాడటం నీకు కొత్తా? లేదంటానే ఉందని చెప్పు. అంతేగా.”

రాఘవులు ఫోన్ ఆన్ చేశాడు. తలకు తడి తువ్వాలు చుట్టాడు. గొడుగు విప్పాడు.

“ఏందండీ ఎండ? ఏడుంది ఎండ? లేని ఎండకి గొడుగెందుకని మీరు అడగొద్దు, నేను చెప్పను. ఎండే లేదు గాని, పన్నెండు కొట్టినాక కూలోళ్ళని కల్లంలో నిలబెట్టిన ఆసామి ఎవుడన్నా ఉంటే, వోడి పేరు, వోడి నాయన పేరు, ఊరు పేరుతో సహా రేపు లైవులో చదువుతా. మైకు రాఘవులు గొంతు ఎట్టాంటిదో మీకు తెలుసు. ఎండ మటుకు లేదు. రాసుకోండి.”

మా మండలి ఆ వీడియోను అపోహల పద్దులో చేర్చుకుంది. ఫైలు బతికింది.

ఇప్పుడు మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. రాఘవులు కుర్చీ వాటిలో ఒకదాని పక్కనే. మిట్టమధ్యాహ్నం దాని నీడ ఆయన ఎడమకాలి చెప్పుకు సరిపోతుంది. రోజూ ఎండ లేదని గొంతు చించుకుని చెప్పి, ఫోన్ ఆపి, చుట్టూ చూసి, చెంబెడు నీళ్ళు దాని మొదట్లో పోసి వెళ్తాడు.